మా అమ్మకు ఇంగ్లీషు ఎందుకు కావలసి వచ్చిందంటే

పోయిన నెలలో ఒక అమ్మాయి యాప్రాల్‌లోని మా ఇంటికి వచ్చింది. వాళ్ల సంస్థవాళ్లు బడిపిల్లల కోసం ఇంగ్లీషు మాటల పుస్తకం ఒకటి వేస్తున్నారట. ప్రతి మాటకూ సులువైన తెలుగు అర్థం, దాని కింద ఒక వాక్యం, పక్కన రంగుల బొమ్మ. ఏళ్ల తరబడి సికింద్రాబాద్ బడుల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని కనుక, అచ్చుకు పోయేముందు ఒకసారి చూసిపెట్టమని అడిగింది. మర్యాద తెలిసిన పిల్ల. నా కళ్లజోడు తనే వెతికి తెచ్చి ఇచ్చింది. నేనూ సంతోషంగానే పేజీలు తిప్పుతూ పోయాను. 'సస్పెక్ట్' అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. అర్థం: నేరం చేసినవాడు. వాక్యం: పోలీసులు సస్పెక్ట్‌ను జైలులో పెట్టారు. పక్కన గళ్ల చొక్కా, పెద్ద మీసాలు, చేతులకు బేడీలతో ఒక మనిషి బొమ్మ. ఇది తప్పమ్మా, అనుమానం వేరు, నేరం వేరు, మార్చండి అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, తేడా తనకూ తెలుసునని, కానీ అదంతా పిల్లల బుర్రకు ఎక్కదని, సింపుల్‌గా ఉండాలనే అలా రాశామని చెప్పింది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. గొంతు ఎంత పెరిగిందో నాకు తెలియదు గాని, వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల కాగితాలు సర్దుకుని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది. నా కోపం నిజానికి ఆమె మీద కాదు, ఇంకెవరి మీదో అని ఇంట్లోవాళ్లు నాకు సర్దిచెప్పారు. కాదు, ఆమె మీద కూడా. ఎదుటి మనిషి బతుకును తన వీలు కోసం కత్తిరించి, దానికి సులువు అని పేరు పెట్టేవాళ్లందరి మీదా నాకు కోపమే. అలాంటివాళ్లలో మొదటివాణ్ణి నేను పదకొండేళ్లో పన్నెండేళ్లో ఉన్నప్పుడు చూశాను. ఆ సంగతి ఇంతకాలం రాయలేదు. రాయడం మొదలుపెడితే కోపం లేకుండా రాయాలని ఎవరో చెప్పినట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఎనభై దాటిపోయాయి. కోపంతోనే రాస్తాను.

మాది చిలకలగూడ. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇంజన్ కూత వేస్తే మా ఇంటి గోడకు తగిలించిన అద్దం అదిరేది. మేము దూదేకులవాళ్లం. తాతల నాటి పని పత్తి ఏకడం, పరుపులు కుట్టడం. మా ఇంట్లో మాట తెలుగు. బజారుకు పోతే ఉర్దూ, దువా చేసేటప్పుడు అర్థం తెలియని అరబ్బీ. ముసల్మానులై ఉండి తెలుగు ఇంత బాగా మాట్లాడతారేమిటని నన్ను ఈనాటికీ అడిగేవాళ్లున్నారు. వాళ్లకు నేను జవాబు చెప్పడం మానేశాను. మా నాయిన యాకూబ్ ఏకే పని వదిలేసి టైలర్ అయ్యాడు. మోండా మార్కెట్ అంచున ఒక బట్టల దుకాణం అరుగు మీద ఆయన మిషన్. తెల్లదొరల పటాలాలు ఉన్న రోజుల్లో సిపాయిల ఖాకీ నిక్కర్లు, చొక్కాలు కుట్టి కుట్టి, ఖాకీ అంటే యాకూబే కుట్టాలి అని పేరు తెచ్చుకున్నాడు. గంజి పెట్టిన కొత్త ఖాకీకి ఒక వాసన ఉంటుంది, వర్షం పడిన గోనెసంచి వాసనలాంటిది. అందులో మిషన్ నూనె, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు, పొయ్యి మీద జొన్నరొట్టె కలిస్తే అదే మా ఇంటి వాసన. నాయిన ఎప్పుడూ పళ్ల మధ్య దారం పెట్టుకుని మాట్లాడేవాడు. ఆయన మాట నాకూ అమ్మకూ నాయినమ్మకూ తప్ప ఇంకెవరికీ సగం అర్థమయ్యేది కాదు. నాయినమ్మ గడప పక్కన కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ, కొడుకు ఏమన్నాడో ఇరుగుపొరుగుకు విప్పి చెప్పేది.

నిజాం రాజ్యం చివరి రోజుల్లో వీధుల్లో ఖాకీ తొడిగి కవాతు చేసిన ఒక దళం ఉండేది. వాళ్ల పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది, నేను రాయను. మా ఇంట్లో వాళ్లను కవాతోళ్లు అనేవాళ్లం. వాళ్లు ఊళ్ల మీద పడి చేసిన దారుణాలు ఎవరూ మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా. అలాంటివాళ్లు ఒక పొద్దున నాయిన అరుగు మీదికి ఖాకీ తానులు తెచ్చి పడేశారు. కుట్టమన్నారు. చేతిలో వేరే పని ఉందని నాయిన నసిగితే, ఒకడు మిషన్ మీద లాఠీ పెట్టి, మిషన్ విరగాలా వేళ్లు విరగాలా అని అడిగాడు. కుట్టాడు. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. అమ్మ అడిగితే, ఆ చొక్కాలు తొడుక్కుని వాళ్లు ఎక్కడికి పోతారో తనకు తెలుసునని అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు, అప్పుడు నోట్లో దారం లేదు.

తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. కవాతోళ్లు చాలామంది ఖాకీ విప్పి పొయ్యిలో పెట్టి, జనంలో కలిసిపోయారు. కుట్టినవాడు మాత్రం ఎక్కడికి పోతాడు? మిషన్ అక్కడే ఉంది, మిషన్ కింద ఖాకీ పేలికలు ఉన్నాయి, తీసుకుపోకుండా వదిలేసిన చొక్కాలు చేతులు అతకకుండా అలాగే ఉన్నాయి. ఎవరో వేలు పెట్టి చూపించారు. పట్టపగలు, మార్కెట్ నిండా జనం ఉండగా, కొత్త ప్రభుత్వం సిపాయిలు నాయినను లారీ ఎక్కించుకుపోయారు. ఏళ్లుగా ఆయన చేత బట్టలు కుట్టించుకున్నవాళ్లు కూరగాయలు ఏరుకుంటూ చూశారట. ఒక్కరూ ఈయన టైలర్ అండీ అని అనలేదు. మిషన్‌ను మాత్రం బట్టల దుకాణం యజమాని రిక్షాలో వేయించి మా ఇంటికి పంపాడు, తన అరుగు మీద అది ఉండకూడదని.

కొత్త ప్రభుత్వం తరఫున ఇలాంటి కేసులు వినడానికి ఒక దొర పట్నంలో కచేరి పెట్టాడని తెలిసి అమ్మ నన్ను తీసుకుని బయలుదేరింది. దొర అంటే తెల్లవాడు కాదు, మన దేశం మనిషే. దక్షిణాన ఎక్కడి నుంచో వచ్చాడు. ఉర్దూ రాదు, తెలుగు రాదు. ఆడవాళ్లు వరండాలో నేల మీద బారులు తీరి కూర్చుని ఉన్నారు. సగం మంది బురఖాల్లో, సగం మంది అమ్మలాగా కొంగు కప్పుకుని. ఎవరి ఇంటాయన కోసం వాళ్లు వచ్చారు. దొర పక్కన, మా మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పే దుబాసీ నిలబడి ఉన్నాడు. మద్రాసు వైపు నుంచి కొత్తగా దిగిన గుమాస్తా, తెలుగువాడే. తెలుగువాడు కావడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా వంతు వచ్చింది. అమ్మ నిలబడి మొత్తం చెప్పింది. మా ఆయన దొరల కాలం నుంచి ఖాకీ కుడతాడని, కవాతోళ్లు తానులు పడేసి పోయారని, వద్దంటే లాఠీ చూపించారని, ఆయన ఏనాడూ వాళ్ల జెండా పట్టలేదని, వాళ్ల కవాతు చూడ్డానికి కూడా గడప దాటలేదని, ఇంట్లో ముసలి తల్లి ఉందని. అమ్మ ఎప్పుడూ అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. దుబాసీ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. ఆమె ఆపగానే దొర వైపు తిరిగి, "షీ సేస్ హర్ హస్బెండ్ వర్క్‌డ్ ఫర్ దెమ్" అన్నాడు.

అంతే. ఆమె భర్త వాళ్ల దగ్గర పనిచేశాడట, అన్నాడు. నేను క్రైస్తవ మిషనరీల బడిలో చదువుతున్నాను. ఆ వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. దొర తల ఊపి, కాగితం మీద ఏదో గీకి, తర్వాతివాళ్లను పిలవమన్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని, దుబాసీ ఏమన్నాడో చెప్పాను. అమ్మకు ముందు నమ్మకం కలగలేదు.

"నేను గంతసేపు చెప్పిన గదా సాబ్, మీరు గింతే చెప్పిండ్రా?" అని దుబాసీని అడిగింది.

"సారాంశం చెప్పానమ్మా. అయ్యగారికి అంత టైము ఉండదు. ఇంకా ఎంతమంది ఉన్నారో చూడు" అన్నాడు అతను. కసిరినట్టు కూడా కాదు, ఓపిగ్గానే చెప్పాడు. ఆ ఓపికను నేను క్షమించలేను. అతను మాకు శత్రువై అలా చేసి ఉంటే ఒక రకంగా ఉండేది. అతనికి మా మీద ఏ పగా లేదు. మా నాయిన జైలులో ఎన్నాళ్లుండాలో తేల్చే మాటను, భోజనం వేళ అవుతోందని కుదించేశాడు. సారాంశం అన్న మాట నాకు ఆనాడు తెలియదు. తర్వాత తెలిసినా, నా తరగతి గదిలో ఆ మాట వాడాల్సి వచ్చినప్పుడల్లా నోరు చేదెక్కేది.

ఇంటికి వచ్చాక అమ్మ కాళ్లు కడుక్కుని, నాయినమ్మకు మంచినీళ్లు ఇచ్చి, నాయిన మిషన్ ముందు కూర్చుని చక్రం మీద అరచెయ్యి పెట్టింది. "గా మాటలు నాకు నేర్పు బిడ్డా" అంది. ఇంగ్లీషు రావాలంటే ఏళ్లు పడుతుందని, నాకే ఇంకా సరిగ్గా రాదని చెప్పాను. "నాకు ఇంగ్లీషెందుకు? నేను చెప్పేటి మాటలే నాకు ఇంగ్లీషుల గావాలె. నా మాట ఇంకొకని నోట్ల పడొద్దు" అంది.

మా బడిలో రూతమ్మ టీచరు ఇంగ్లీషు చెప్పేది. తెల్ల నూలు చీర, చేతిలో ఎండావానా గొడుగు, నవ్వని ముఖం. కొత్త మాట ఏది వచ్చినా ఆమెది ఒకటే పద్ధతి. ముందు మాట పలకాలి, తర్వాత దాని అర్థం మన ఇంటి తెలుగులో చెప్పాలి, ఆ తర్వాత ఆ మాట పెట్టి సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. పుస్తకంలో ఉన్న వాక్యం చెబితే ఒప్పుకునేది కాదు. అది పుస్తకం రాసినాయనది, నీ ఇంట్లో ఏం లేదా చెప్పుకోవడానికి అనేది. ఆ పద్ధతినే నేను ఇంటికి తెచ్చాను. నాకు తెలియని మాటలు కావాల్సి వచ్చినప్పుడు, తోటిపిల్లలు అన్నం తినే వేళ టీచరు దగ్గరికి పోయి అడిగాను. బలవంతం చేయడాన్ని ఏమంటారని అడిగితే ఎందుకని అడిగింది. చెప్పాను. ఆమె కిటికీ రెక్క మూసింది. ఇలాంటి వ్యవహారాల్లో తలదూర్చవద్దని బడి పెద్దలు టీచర్లకు గట్టిగా చెప్పి ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. అయినా కూర్చోబెట్టి 'ఫోర్స్' అన్న మాట నేర్పింది. వర్క్‌డ్ ఫర్ దెమ్ అంటే వాళ్ల మనిషి అని కూడా అర్థం వస్తుందనీ, మీ అమ్మ దాన్ని నోటితో కూడా అనకూడదనీ చెప్పింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నా ఆమె ఆ మేలు చేసింది. మా కులంవాళ్లు, మా మతంవాళ్లు, మా వీధివాళ్లు అంతమంది ఉండగా, ఆ మాత్రం చేసింది ఆమె ఒక్కతే.

అమ్మ చదువుకోలేదు, ఏ అక్షరాలూ రావు. మాటలన్నీ నోటితోనే నేర్చుకుంది. పొద్దున పని తెమిలాక నాయిన మిషన్ మీద ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టేది. బడి లేని వేళ నేను పక్కన కూర్చుని మాట చెబితే, కుట్టు ఒక అంచు నుంచి రెండో అంచుకు పోయేదాకా దాన్ని లోపలే నములుకుని, చక్రం ఆపి పైకి అనేది. టైలర్, క్లాత్, స్టిచ్, హోమ్. అర్థం నేను చెప్పేదాన్ని, వాక్యం తనే కట్టేది. టైలర్ అంటే బట్టలు కుట్టేవాడు అని చెబితే ఆమెకు సరిపోలేదు. ఎవరు వచ్చినా కుట్టేవాడు అని చెప్పాలంది. ఇద్దరం కూర్చుని దాన్ని పొడిగించాం. మై హస్బెండ్ ఈజ్ ఎ టైలర్. హి స్టిచ్‌డ్ ఫర్ ఇంగ్లీష్ సోల్జర్. హి స్టిచ్‌డ్ ఫర్ నిజాం సోల్జర్. హి విల్ స్టిచ్ ఫర్ యువర్ సోల్జర్. తెల్లవాళ్ల సిపాయిలకు కుట్టాడు, నిజాం సిపాయిలకు కుట్టాడు, రేపు మీ సిపాయిలకూ కుడతాడు అని. ఆ చివరి వాక్యం అమ్మదే. నేను సమకూర్చింది మాటలు మాత్రమే.

మా మధ్య గొడవ వచ్చింది ఒక్క మాట దగ్గరే. అఫ్రెయిడ్. భయపడ్డాడు అని చెప్పాలి కదా అన్నాను. అమ్మ చక్రం ఆపేసింది. "మీ నాయిన భయపడ్డడని పరాయోని ముందర నేను చెప్పాల్నా?" అంది. ఆ రోజంతా ఇంకో మాట నేర్చుకోలేదు. రొట్టెలు చేస్తూ పిండి మీద చూపించింది ఆ కోపం. మర్నాడు తనే వచ్చి కూర్చుని, అప్పట్లో భయపడని మనిషి ఎవడున్నాడు, ఆ దుబాసీగాడు అక్కడ ఉంటే కుట్టకపోయేవాడా అని, ఆ మాట మళ్లీ చెప్పమంది. నాయినమ్మ గడప దగ్గర వక్కలు కత్తిరిస్తూ ఇదంతా వినేది. మొదట్లో ఈ ఇంగిలీసు నా కొడుకును ఇడిపిస్తదా అని గొణిగేది. అప్పటికే ఆమెకు ఆయాసం పట్టుకుంది, రాత్రీ పగలూ ఒకటే దగ్గు. ఒక రోజు అడకత్తెర పక్కన పెట్టి, "నా మాట సుత ఒకటి పెట్టుండ్రి. ముసల్ది ఎదురుచూస్తున్నదని చెప్పుండ్రి" అంది. దాన్ని కూడా పెట్టాం. హిజ్ మదర్ ఈజ్ సిక్. షి ఈజ్ వెయిటింగ్ ఫర్ హిమ్.

మళ్లీ కచేరికి పోయాం. అదే వరండా, అవే బారులు, అతనే దుబాసీ. మా వంతు వచ్చాక అతను కాస్త ముందుకు వంగితే అమ్మ, "మీరు జెర పక్కకు జరుగుండ్రి సాబ్" అంది. అతనికి అర్థమయ్యేలోపే దొర వైపు తిరిగి మొదలుపెట్టింది. కొంగు సరిచేసుకోలేదు, నేల చూపులు చూడలేదు. మై హస్బెండ్ ఈజ్ ఎ టైలర్. దే గేవ్ క్లాత్. దే ఫోర్స్‌డ్ హిమ్. హి వాజ్ అఫ్రెయిడ్. ఒక్క మాట మరచిపోలేదు, ఒక్కచోట తడబడలేదు. బారులో కూర్చున్న ఆడవాళ్లు గుసగుసలు ఆపేశారు. దొర కలం కింద పెట్టేశాడు. ఆయన ముఖం విప్పారింది. నా గుండె ఎగిరిపడింది. ఆయన లేచి పక్క గదిలో ఉన్న ఇంకో అధికారిని పిలిచాడు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాక, ఇంకోసారి చెప్పమని అమ్మకు చేత్తో సైగ చేశాడు. కేసు విషయం పెద్దాయన కూడా వింటున్నాడు అనుకుని అమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి ఇంకా నిదానంగా, ఇంకా స్పష్టంగా. నాయినమ్మ వాక్యాన్ని కూడా వదలకుండా పూర్తి చేసింది. ఇద్దరు అధికారులూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"వెరీ గుడ్. వెరీ గుడ్ ఇంగ్లీష్. హు టాట్ యు?" అన్నాడు దొర.

అమ్మ చప్పున నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ఉన్న సంతోషం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. "వెరీ గుడ్ అంటే ఇడుస్తమన్నట్టేనా బిడ్డా?" అంది. నేను చెప్పాల్సి వచ్చింది. ఆ వయసు పిల్ల తన తల్లికి చెప్పకూడని మాట నేను చెప్పాల్సి వచ్చింది. కాదమ్మా, నీ ఇంగ్లీషు మంచిగున్నదంటున్నడు, ఎవరు నేర్పిండ్రని అడుగుతున్నడు అన్నాను.

ఆయనకు మా నాయిన వినపడలేదు, లాఠీ వినపడలేదు, నాయినమ్మ దగ్గు వినపడలేదు. ఒక తురక టైలర్ పెళ్లాం నోట్లోంచి ఇంగ్లీషు వస్తోందన్న వింత ఒక్కటే వినపడింది. దుబాసీ ఆమె మాటను కుదించాడు. ఇతడు కుదించను కూడా లేదు, ముద్దుమాటలు విన్నట్టు విన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పాపం చేశారని నన్ను అడిగితే ఇతడే అంటాను. అంత చక్కగా చెప్పినదాన్ని కూడా వినని చెవికి ఇంక ఏ భాషలో చెప్పాలి?

అమ్మ మళ్లీ దొర వైపు తిరిగింది. ఈసారి నేను నేర్పినవాటిలో లేని వాక్యం తనే కట్టుకుంది. "సార్. ఐ నాట్ కమ్ ఫర్ ఇంగ్లీష్. ఐ కమ్ ఫర్ మై హస్బెండ్." నేను ఇంగ్లీషు కోసం రాలేదు, నా భర్త కోసం వచ్చాను. గుమ్మంలో ఉన్న అధికారి నవ్వు ఆపేసి లోపలికి వెళ్లిపోయాడు. దొర ముఖం ఎర్రబడింది. నాయిన పేరు అడిగి, ఈసారి పూర్తిగా రాసుకుని, చూస్తామన్నాడు. దుబాసీ ఆ ఒక్క మాటనూ శ్రద్ధగా తెలుగులోకి మార్చి, చూస్తామన్నారు, ఇక వెళ్లండి అన్నాడు.

చూడ్డానికి వాళ్లకు చాలా కాలం పట్టింది. ఆ లోపల నాయినమ్మ చనిపోయింది. ఒక మధ్యాహ్నం, గడప దగ్గరే, గోడకు ఆనుకుని. కొడుకు పట్టాల్సిన జనాజాను మా మేనమామా, ఇంకా పేరు కూడా సరిగ్గా తెలియని ఇద్దరు ముగ్గురూ మోశారు. ఒక్క పూట పంపమని అడగడానికి కచేరికి పోదామని నేను ఏడిస్తే, అమ్మ వద్దంది. వాళ్లకు అక్కడ మన బాధ వింటే పండగ బిడ్డా అంది. ఆ రోజు నుంచి మిషన్ పక్కన పాఠాలు లేవు.

ఇప్పుడు మా యాప్రాల్‌లో ఎటు చూసినా ఇంగ్లీషే. కూరగాయల బండిమీదా ఇంగ్లీషే, గేటు దగ్గర కాపలా కుర్రవాడి నోట్లోనూ ఇంగ్లీషే. ఆ భాష వస్తే చాలు బతుకు గట్టెక్కుతుందని గోడల నిండా ప్రకటనలు. నేనూ ఆ మాటే చెప్పి ఎందరో ఆడపిల్లలకు పాఠాలు చెప్పాను, దాని మీదే నా పిల్లలను పెంచాను, ఇప్పుడు కాదనలేను. కానీ ఆసుపత్రి వరండాలో, కోర్టు మెట్ల మీద, తాసీల్దారు బల్ల ముందు ఎవరో ఒక ఆడమనిషి గుక్కతిప్పుకోకుండా తన కష్టం చెప్పడం, పక్కనున్నవాడు దాన్ని రెండు ముక్కల్లో తేల్చేయడం నేను ఇవాళా చూస్తున్నాను. ఆనాడు మేము వరండాలో నేల మీద కూర్చునేవాళ్లం. ఇప్పుడు కుర్చీలు వేశారు, టోకెను ఇస్తున్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట అవతలివాడి చెవిలోకి పోతోందా అంటే, పోవడం లేదు. మారిందని నాకు ఎవరైనా చెబితే వాళ్లతో పోట్లాడతాను. నా ఇంట్లోవాళ్లు అందుకే నా ముందు పాత సంగతులు ఎత్తరు.

నాయిన ఒక రోజు మధ్యాహ్నం నడిచి వచ్చేశాడు. అమ్మ చెప్పిన దాని వల్ల వదిలారో, అందరితో పాటు వదిలారో మాకు ఈనాటికీ తెలియదు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, ఎవరివో పెద్ద చెప్పులు వేసుకుని ఉన్నాడు. గడప దగ్గర ఖాళీని చూసి ఆగిపోయాడు. ఆయనే అర్థం చేసుకుని, అక్కడే, ఆ గడప పక్కనే కూలబడ్డాడు. ఆయన ఏడుపుకు చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. అమ్మ ఆయనకు కాస్త దూరంలో కూర్చుంది. ఆయన నెమ్మదించేదాకా ఆగి, వదిలేటప్పుడు వాళ్లు ఏమన్నారని అడిగింది.

"ఏమనలే. నీ మీద ఏం లేదు, పో అన్నరు" అన్నాడు.

"గంతేనా?"

"గంతే."

అమ్మ నా వైపు తిరిగింది. ఎంతో కాలం తర్వాత మళ్లీ ఒక మాట అడిగింది. "తప్పయిపోయింది అనేటందుకు ఇంగ్లీషుల మాట ఉన్నదా బిడ్డా?"

ఉన్నదమ్మా, సారీ అంటరు అని చెప్పాను.

"కష్టమైన మాటనా?"

కాదన్నాను. ఒకటో క్లాసులోనే నేర్పుతారని చెప్పాను. అమ్మ తల ఊపింది. ఆమె ఏ కొత్త మాట విన్నా వెంటనే పైకి అనేది కదా, అలవాటు కొద్దీ నేను ఎదురుచూశాను. అనలేదు. ఇంకోసారి చెప్పమంటావా అని అడిగాను.

"వద్దు. గది నేను నేర్చుకునే మాట గాదు" అంది. లేచి, నాయిన కాళ్లు కడుక్కునేందుకు నీళ్లు తేవడానికి పోయింది.